గొంతు దిగని జొన్నరొట్టె

ఆ రోజు మూడో తరగతి పిల్లలకు డిక్టేషన్ చెబుతున్నాను. తొంభైల మధ్యలో ఒక మార్చి నెల. శిరివెళ్ల మండలంలో చిన్న ఊరి బడి అది. నేను ఆళ్లగడ్డ నుంచి రోజూ బస్సులో వెళ్లి వచ్చేదాన్ని. ఆరో మాట చెప్పబోతే నాలుక అంగిలికి అతుక్కుపోయింది. మాట రాలేదు. వేలు పెట్టి నాలుకను కిందికి లాక్కోవాల్సి వచ్చింది. పిల్లలు నవ్వారు, నేనూ నవ్వాను. కుండలో నీళ్లు ముంచుకుని తాగి మిగతా మాటలు చెప్పాను. ఎండలు ముదిరాయి, నోరు ఎండదా అనుకున్నాను.

ఎండలు పోయాయి, వానలు పడ్డాయి. నా నోరు మాత్రం ఎండాకాలంలోనే ఉండిపోయింది. మా ఇళ్లలో జొన్నరొట్టె లేని రోజు ఉండదు. ముక్క తుంచి నోట్లో పెట్టుకుంటే నమిలేకొద్దీ పిండి పిండిగా అయి పళ్ల సందుల్లో కూర్చునేది. ముద్దకొక గుక్క నీళ్లు తాగితే తప్ప దిగేది కాదు. పల్చటి పప్పులో ముంచుకుని సంగటి ఎలాగో మింగేదాన్ని. చింతకాయ పచ్చడి చూస్తే అందరికీ నోట్లో నీళ్లూరుతాయి. నాకు మంట తప్ప ఏమీ ఊరేది కాదు. కళ్లలో కూడా ఇసుక పడ్డట్టు ఉండేది. బస్సులో దుమ్ము పడుతోంది అనుకునేదాన్ని. ఇంత వెర్రిదాన్నేమిటి అని ఇప్పుడు అనిపిస్తుంది.

ఆళ్లగడ్డలో మా వీధి ఆర్‌ఎంపీ డాక్టరు బీ-కాంప్లెక్స్ మాత్రలిచ్చాడు. షుగర్ ఉందేమో చూపించుకోమన్నాడు. షుగర్ లేదు. ఏడాదిన్నర ఇలా గడిపి నంద్యాలలో ఒక పెద్ద డాక్టరు దగ్గరికి వెళ్లాను. ఆయన బీపీ చూశాడు, గుండె విన్నాడు. "టెన్షన్ ఎక్కువైందమ్మా. మీ ఏజ్ కూడా అదే కదా. నిద్ర బాగా పడితే అన్నీ సర్దుకుంటాయి" అని రాత్రిపూట వేసుకునే మాత్ర ఒకటి రాశాడు. నిద్ర బాగానే పట్టింది. అదే చీటీ మందుల షాపులో చూపించి నెలనెలా తెచ్చుకున్నాను. ఆ మాత్రకే నోరు ఎండగొట్టే గుణం ఉందని ఆయన చెప్పలేదు, షాపువాడు చెప్పలేదు. గోరుచుట్టు మీద రోకటి పోటు అంటారే, ఆ రోకలి నేనే కొనుక్కుని ఇంటికి తెచ్చుకున్నాను.

ఇక్కడ మా సంఘం సంగతి కొంచెం చెప్పాలి, లేకపోతే తర్వాత జరిగింది ఎవరికీ అర్థం కాదు. ఆళ్లగడ్డలో మాది చిన్న క్రైస్తవ సంఘం. నెలలో మొదటి ఆదివారం ప్రభువు బల్ల ఉంటుంది, యేసు ప్రభువు జ్ఞాపకంగా అందరూ రొట్టె, ద్రాక్షరసం తీసుకుంటారు. వేరే చోట్ల గోధుమ రొట్టె పెడతారు. మా దగ్గర మొదటి తరం వాళ్లకు దొరికింది జొన్నలే కాబట్టి, పల్చగా తట్టి కరకరలాడేలా ఎండబెట్టిన జొన్నరొట్టె పెట్టేవాళ్లు. ఇప్పటికీ అదే. దాన్ని నమలకూడదు. నోట్లో పెట్టుకుని తలవంచుకుని కూర్చుంటే అదే మెత్తబడి, అదే దిగాలి. అన్ని వరుసలకూ రొట్టె అందాకే ద్రాక్షరసం వస్తుంది. మధ్యలో మంచినీళ్లు తాగడం అనేది ఎవరూ ఊహించను కూడా ఊహించరు. ఇంకో మాట కూడా పెద్దాళ్ల నోట ఉంది. లోపల పాపం దాచుకుని బల్ల దగ్గరికి వస్తే రొట్టె గొంతు దిగదని. చిన్నప్పుడు మమ్మల్ని భయపెట్టడానికి చెప్పేవాళ్లు. నేను కూడా ఆదివారం బడిలో పిల్లలకు అదే చెప్పాను.

రొట్టె చేసేది ఎస్తేరమ్మత్త, మా ఆయనకు మేనత్త వరస. పళ్లెం పట్టుకుని వరుసల్లో తిరిగేది మా ఆయన. హైస్కూల్లో క్లర్కు, సంఘానికి సెక్రటరీ. కొన్నాళ్లు నేను ముక్కను బుగ్గన పెట్టుకుని, ద్రాక్షరసం వచ్చేవరకు ఓపిక పట్టి, దానితో కలిపి మింగేదాన్ని. మాత్ర మొదలుపెట్టాక అది కూడా కుదరలేదు. ఒక ఆదివారం ఆ ముక్క అంగిలికి పెంకులాగా అతుక్కుంది. నాలుకతో కదిలించబోతే అంచు గీరుకుని నెత్తురొచ్చింది. దగ్గు ఆగలేదు. కొంగు అడ్డం పెట్టుకుని బయటికి వెళ్లి, చేతిగుడ్డలోకి తీసేశాను. వెనక్కి తిరిగితే ఎస్తేరమ్మత్త గుమ్మంలో నిలబడి ఉంది. ఆమె కళ్లు నా మొహం మీద లేవు, చేతిగుడ్డ మీద ఉన్నాయి.

ఆ సాయంత్రమే నన్ను సంఘ పెద్దల ముందుకు పిలిచారు. నలుగురు పెద్దలు, పాస్టరు అయ్యగారు, బల్ల మీద మినిట్స్ పుస్తకం తెరుచుకుని మా ఆయన. అయ్యగారు మెల్లగానే అడిగాడు.

"ఏదన్నా మనసులో పెట్టుకోనుంటే ఈడనే చెప్పు తల్లీ. దేవుడు క్షమిస్తాడు."

"నోట్లో తడి లేదయ్యగారూ. రొట్టె కరగల్యా."

పెద్దల్లో ఒకాయన అందుకున్నాడు. "దినమంతా పిల్లోళ్లకు అరిచి అరిచి పాఠాలు చెప్తాండావు గదమ్మా. ఆడుండే తడి ఈడికొస్తే యాడికి పోయింది?"

బడిలో నా పక్కన ఎప్పుడూ నీళ్ల చెంబు ఉంటుందని చెప్పాను. ఎవరూ వినలేదు. మా ఆయన తలెత్తలేదు. ఇంట్లో ముద్దముద్దకూ నేను నీళ్లు తాగడం రోజూ చూసే మనిషి ఆయన. ఒక్క మాట చెబుతాడేమోనని ఆయన వైపే చూస్తూ కూర్చున్నాను. ఆయన రాశాడు. ముత్యాల్లాంటి అక్షరాలు ఆయనవి. సోదరి సుగుణ తన తప్పు ఒప్పుకునేంతవరకు బల్లకు దూరంగా ఉండాలని తీర్మానించడమైనది. చివర ఆయన సంతకం.

ఇంటికొచ్చాక అన్నం పెట్టాను. ఆయన కంచం పక్కకు జరిపాడు.

"నాకన్నా చెప్పు సుగుణా. ఏమన్నా ఉండాదా?"

"ఏముంటాది?"

"రొట్టె ఊరికే ఎందుకు దిగకుండా పోతాది?"

తర్వాత మా హెడ్మాస్టరు పేరు తీశాడు. ఆయనా నేనూ ఒకే బస్సు ఎక్కుతామని ఎవరో చెప్పారట. ఆళ్లగడ్డ నుంచి ఆ ఊరికి పొద్దున వెళ్లే బస్సు అదొక్కటే. పద్దెనిమిదేళ్ల కాపురం చేసిన మనిషి నన్ను బస్సు టైము అడిగాడు. నాకు వచ్చిన జబ్బులన్నిటిలోకీ ఆ ప్రశ్నే పెద్దది, దాని మంట ఇంకా తగ్గలేదు. ఏడుద్దామనుకున్నాను. కళ్లలో కూడా తడి లేదు. అది కూడా నా మీదే నేరమైంది. "కండ్లల్లో నీళ్లు కూడా రాల్యా మే దీనికి" అని, మర్నాడు ఇంటికొచ్చి నా మొహం చూసిపోయిన ఎస్తేరమ్మత్త ఊరంతా చెప్పింది.

గుడికి వెళ్లడం మాత్రం మానలేదు. బల్ల రోజున చివరి వరుసలో కూర్చునేదాన్ని. పళ్లెం నా ముందు వరుస దాకా వచ్చి తిరిగిపోయేది, పళ్లెం పట్టుకున్న చేతులు మా ఆయనవి. పాటలు పాడించే పని కూడా వేరేవాళ్లకు ఇచ్చారు. నోరు మంచిదైతే ఊరు మంచిది అంటారు. నా నోరు చెడ్డదైంది, ఊరు కూడా దాన్ని చూసుకునే చెడ్డదైంది.

ఆపైన పళ్ల వంతు వచ్చింది. తీపి ముట్టని దాన్ని, రెండు పూటలా తోముకునే దాన్ని, అయినా చిగుళ్ల దగ్గర నల్లబడి ఒక్కొక్కటే విరిగాయి. ఏదో చప్పరిస్తే తడి వస్తుందని నిమ్మతొనల బిళ్లలు చప్పరించాను, ఆ చక్కెరే నా పళ్లను ఇంకా త్వరగా తినేసింది. ఈ తప్పు చాలామంది చేస్తారని తర్వాత తెలిసింది. రెండువేల సంవత్సరం దాటి రెండు మూడేళ్లయింది, ముందు పన్ను సగానికి విరిగింది. పిల్లల ముందు నోరు తెరవడానికి సిగ్గేసి నంద్యాలలో ఒక పళ్ల డాక్టరమ్మ దగ్గరికి వెళ్లాను. కొత్తగా ప్రాక్టీసు పెట్టిన చిన్న వయసు అమ్మాయి. పర్వీన్ అని పేరు, నంద్యాల పిల్లే.

టార్చిలైటు వేసి, పుల్లకు బిగించిన చిన్న అద్దం నా బుగ్గ లోపల ఆనించింది. తీయబోతే అద్దం రాలేదు. మెల్లగా ఊడదీసింది.

"ఏందమ్మా ఇది, అద్దం చెంపకు అంటుకుపోతాంది. ఎన్నేండ్లాయ ఇట్లయ్యి?"

"ఎనిమిదేండ్లు."

"ఇన్నేండ్లలో ఎవురూ నోరు తెరిపిచ్చి చూడల్యా?"

చూడలేదు. బీపీ చూశారు, షుగర్ చూశారు, నా మనసు చూశారు, నా నడత చూశారు. నోరు ఎండుతోంది అని మొత్తుకున్న మనిషి నోట్లోకి ఎనిమిదేళ్లలో ఎవరూ తొంగి చూడలేదు. ఆ కుర్చీలో పడుకుని ఉండగా నాకు మొదట వచ్చింది సంతోషం కాదు, కోపం. ఆ పిల్ల చేతిలో ఉన్న టార్చి మామూలు టార్చే. మా ఇంట్లోనూ ఉంది. కరెంటు పోతే వెతుక్కోవడానికి తలుపు వెనక మేకుకు తగిలించి ఉంటుంది.

ఏమేం మాత్రలు వాడుతున్నావో అన్నీ తెచ్చి చూపించమంది. రాత్రి మాత్ర చూడగానే తల పట్టుకుంది. "ఇదే సలైవాను, అంటే ఉమ్మిని, ఆపేస్తాది. ఒక్కసారిగా మానొద్దు, రాసిచ్చిన డాక్టరుతో మాట్లాడి మెల్లగా తగ్గిద్దాం" అంది. రెండు నెలల్లో ఆ మాత్ర పూర్తిగా ఆగింది. కొంచెం మేలయింది, పూర్తిగా కాదు. లోపల ఇంకేదో ఉందని నన్ను కర్నూలు పంపింది. అక్కడ కళ్లలో కాగితం పట్టీలు పెట్టి ఎంత తడుస్తాయో చూశారు. అవి తడవనే లేదు. రక్తంలో ఏఎన్ఏ అని టెస్టు చేశారు. కింది పెదవి లోపల మత్తిచ్చి చిన్న ముక్క తీసి బయాప్సీకి పంపారు. చివరికి పేరు చెప్పారు. షోగ్రెన్స్ సిండ్రోమ్. ఒంట్లో కాపలా కాయాల్సిన శక్తే ఎదురు తిరిగి, ఉమ్మి తయారుచేసే గ్లాండ్స్‌ను, కన్నీటి గ్లాండ్స్‌ను పాడుచేస్తుందట. "పూర్తి క్యూర్ లేదమ్మా, కంట్రోల్ చేసుకోవడమే" అన్నాడు అక్కడి డాక్టరు. ఉమ్మి ఊరడానికి మాత్ర ఒకటి ఉందని, చిన్నప్పటి నుంచీ నాకున్న ఆయాసానికి అది పడదని కూడా చెప్పాడు.

తిరిగొచ్చే బస్సులో మా ఆయన రిపోర్టు రెండుసార్లు చదివాడు. ఇంగ్లీషు బాగానే వచ్చు ఆయనకు. కాగితం మడిచి అన్నాడు.

"అయితే రోగమేనన్నమాట."

అంతే. అది క్షమాపణ అనుకోవాలో ఏమో నాకు తెలియలేదు. ఆయన చేతిలోంచి కాగితం తీసుకుని నా సంచీలో పెట్టుకున్నాను.

రిపోర్టు సంఘ పెద్దలకు చూపించాను. అయ్యో పాపం అన్నారు, చుట్టూ నిలబడి ప్రార్థన చేశారు. అయితే తీర్మానం తీసేయాలంటే పద్ధతి ప్రకారం నేను ముందుకొచ్చి తప్పు ఒప్పుకోవాలట. ఏదో ఒకటి, పేరుకు ఒక మాట చెబితే చాలన్నారు. చేయని తప్పు చెప్పనన్నాను. రోగం తగ్గించుకోవడానికి కర్నూలు దాకా పోయినదానివి, ఒక్క మాటకు ఏమైందని మా ఆయన అన్నాడు. నేను చివరి వరుసలోనే ఉండిపోయాను.

ఇంకో మూడు నాలుగేళ్లు నీళ్ల సీసాతో, చక్కెర లేని చూయింగ్ గమ్‌తో, పళ్లకు రాసే ఫ్లోరైడ్ జెల్‌తో గడిచాయి. ఒకరోజు పర్వీనమ్మ పిలిపించింది. తను చదివిన కాలేజీలో సారు ఒకాయన నోరు ఎండేవాళ్లకు కరెంటు పెట్టి చూస్తున్నాడని, కొందరికి ఉమ్మి ఊరుతోందని చెప్పింది. "గ్యారంటీ ఏం లేదమ్మా. చచ్చిపోయిన గ్లాండ్‌కు ఎంత కరెంటు పెట్టినా రాదు. ఇంకా కొంచెం ప్రాణం మిగిలింటే నర్వ్ దాన్ని లేపుతాది" అంది. గుండెకు పేస్‌మేకర్ ఉందా, మూర్ఛలున్నాయా అని అడిగింది. లేవన్నాను. కరెంటు అనగానే నాకు గోడలోని ప్లగ్గు కళ్ల ముందు మెదిలింది. అది కాదట. మోకాళ్ల నొప్పులకు పెట్టే టెన్స్ మిషనే, అరచేతిలో పట్టేంత డబ్బా, నడిచేది తొమ్మిది వోల్టుల బ్యాటరీతో.

పర్వీనమ్మ క్లినిక్ పక్కనే ఫిజియోథెరపీ గది. నా చుట్టూ అందరూ మోకాళ్లకు ప్యాడ్లు పెట్టుకున్న ముసలివాళ్లు, నేనొక్కదాన్ని చెంపలకు. ముందుగా తల వంచుకుని, నోరు తెరిచి, గీతలున్న చిన్న కప్పులోకి ఐదు నిమిషాలు ఉమ్మి కారనివ్వమన్నారు. ఒక్క చుక్క పడలేదు. పక్కన మంచం మీది పెద్దాయన "ఏమమ్మా, వాంతొస్తాందా?" అని అడిగాడు. తర్వాత రెండు చెవుల ముందు ప్యాడ్లు అతికించి కరెంటు మెల్లగా పెంచారు. చెంపల్లో చీమలు పాకినట్టయింది, దవడ దానంతటదే అదిరింది. ఇరవై నిమిషాలు. ఏమీ కాలేదు. రెండో రోజూ కాలేదు. నా గ్లాండ్స్ చచ్చిపోయాయి, ఆ ఎనిమిదేళ్లలోనే చచ్చాయి అనుకున్నాను.

నాలుగో రోజు నాలుక కింద ఏదో కదిలినట్టైంది. చీమేమో అనుకున్నాను. నాలుక అటూ ఇటూ తిప్పి చూశాను. తడి. వేలు పెట్టి చూస్తే వేలు జారింది. కప్పులోకి వంగితే అడుగున పావు చెంచా ఉంటుందేమో, నురగ నురగగా, జిగటగా. పన్నెండేళ్ల తర్వాత నా నోట్లోంచి నేనే ఉమ్మి ఉమ్మాను. పర్వీనమ్మ కప్పు వెలుతురుకు పట్టి చూసి, "ఇంకా ఉండాదమ్మా ప్రాణం" అంది. ఆనందంతో ఆమె చేయి పట్టుకున్నాను. వెంటనే ఇంకో మాట తోచింది. ఇంకా ఉంది అంటే, మొదటే చూసి ఉంటే ఇంకెంత ఉండేది?

ఇదేమీ అద్భుతం కాదు. కొత్తగా ఈ జబ్బు వచ్చినవాళ్లు ఆశపడి పరుగెత్తకూడదని చెబుతున్నాను. మిషన్ నడిచినంతసేపూ, ఆ తర్వాత ఒకటి రెండు గంటలూ తడి ఉంటుంది. మళ్లీ ఎండిపోతుంది. ఇంట్లో పెట్టుకోమని మిషన్ ఇచ్చి పంపారు. మూడు నెలల తర్వాత ఆ తడి కూడా తగ్గింది. నేను తొందరపడి ఇంట్లో కరెంటు ఎక్కువ పెట్టుకున్నాను. దవడ పట్టేసి రెండు రోజులు నోరు తెరవలేకపోయాను, చెంపల మీద దద్దుర్లు లేచాయి. పర్వీనమ్మ బాగా తిట్టింది. పది రోజులు ఆపి, తక్కువలో మళ్లీ మొదలుపెట్టాం. నాతోపాటు మొదలుపెట్టిన ఒకామెకు ఏమాత్రం పనిచేయలేదు. గొంతు క్యాన్సర్‌కు రేడియేషన్ పెట్టించుకుంది ఆమె. నా ముందే మిషన్ తిరిగిచ్చేసి వెళ్లింది, నా మొహం చూడలేదు.

సంఘానికి కొత్త అయ్యగారు వచ్చాడు. పాత మినిట్స్ పుస్తకాలు తిరగేసి, నా రిపోర్టు అడిగి చూసి, ఒప్పుకోలు ఏమీ అక్కర్లేదు, వచ్చే ఆదివారం బల్లలో పాలు పంచుకో అన్నాడు. నేను బల్లకు దూరమై తొమ్మిదేళ్లయింది అప్పటికి. ఆ ఆదివారం ఇంట్లో ఇరవై నిమిషాలు మిషన్ పెట్టుకుని, మిషన్ సంచీలోనే వేసుకుని గుడికి నడిచాను. చివరి వరుసలోనే కూర్చున్నాను. ఈసారి పళ్లెం నా దగ్గరికి వచ్చింది. పట్టుకున్న చేతులు మా ఆయనవే. ముక్క నోట్లో పెట్టుకుని తల వంచుకున్నాను. మొదట పెంకులాగే ఉంది. తర్వాత అంచులు మెత్తబడ్డాయి. ద్రాక్షరసం రాకముందే దిగిపోయింది.

గుడి విడిచాక ఎస్తేరమ్మత్త నా దగ్గరికి వచ్చింది. ముసలిదైపోయింది, కర్ర పట్టుకుని నడుస్తోంది. పది మంది ముందు నా గడ్డం పట్టుకుంది.

"చూస్తి మే. రొట్టె దిగింది. నీ పాపం పోయింది సుగుణా."

ఆమె ప్రేమగానే అంది. చుట్టూ ఉన్నవాళ్లు స్తోత్రం అన్నారు. నేను సంచీలోంచి మిషన్ తీసి, వెనక మూత ఊడదీసి, ఆమె అరచేతిలో పెట్టాను.

"పాపం కాదత్తా. బ్యాటరీ."

మా ఆయన పళ్లెం పట్టుకుని గుమ్మంలో నిలబడి ఉన్నాడు, విన్నాడు. ఆ సాయంత్రం మినిట్స్ పుస్తకం ఇంటికి తెచ్చి ఆ తీర్మానం కొట్టేస్తానన్నాడు. వద్దన్నాను. నీ అక్షరాలు బాగుంటాయి, ఉండనీ అన్నాను. ఆ పేజీ అలాగే ఉంది.

ఇప్పుడు రోజుకు రెండు పూటలు మిషన్ పెట్టుకుంటాను. పైన నాలుగు, కింద ఆరు పళ్లు మిగిలాయి, మిగతావి కట్టుడువి. సంగటే తింటాను, రొట్టె తినాలనిపిస్తే మిషన్ తర్వాత తింటాను. పొద్దున ప్యాడ్లు మా ఆయనే అతికిస్తాడు. చెవి ముందు సరిగ్గా ఎక్కడ పెట్టాలో ఆయన వేళ్లకు అలవాటైంది.

చదివేవాళ్లకు నేను చెప్పగలిగింది ఒక్కటే. మీ ఇంట్లో ఎవరైనా ముద్దముద్దకూ నీళ్లు తాగుతుంటే, మాట మధ్యలో నాలుక అతుక్కుంటోందని చెబితే, టార్చిలైటు తీసి ముందు వాళ్ల నోరు తెరిపించి చూడండి. తడి మెరవకపోతే, వాళ్లు వాడే మాత్రలన్నీ ఒక సంచీలో వేసుకుని, ఆ మనిషిని వెంటబెట్టుకుని పళ్ల డాక్టరు దగ్గరికి వెళ్లండి. మా టార్చి ఇంకా ఆ తలుపు వెనక మేకుకే ఉంది.